నెలకు రెండు కిలోల పాతబట్ట

మా గోటేరుపాడులో పాతబట్టలకు కరువు వచ్చిన సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. తుపాను వస్తే రాస్తారు, ఉల్లిపాయలు దొరక్కపోతే రాస్తారు. చిరిగిన చీర కోసం ఊరంతా వెతుక్కున్న ఆ నెలల గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడు రాస్తానన్న భయం ఒకటి, రాస్తే మునిసిపాలిటీ వాళ్ళు ఏమంటారో అన్న భయం ఒకటి. మొదటి భయమే పెద్దది.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు మా అక్క నేర్పింది, మిగతా చదువంతా కిరాణా కొట్టు పొట్లాలు నేర్పాయి. శనగపప్పు డబ్బాలో పోసుకుని, పొట్లం కాగితం సాపు చేసుకుని చదివేదాన్ని. కథలన్నీ సగంలో చిరిగిపోయి ఉండేవి. ఎవరో రైలెక్కేవారు, ఎవరో ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవారు, అక్కడితో కాగితం అయిపోయేది. ఆ రైలెక్కినవాళ్ళు తిరిగొచ్చారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు పప్పులు మెరిసే కవర్లలో వస్తున్నాయి. వాటి మీద పప్పు పేరు తప్ప చదవడానికి ఏమీ ఉండదు. అందువల్ల మునిసిపాలిటీ వాళ్ళు గోడకు నోటీసు అంటిస్తే మా వీధిలో అందరికంటే ముందు నేనే చదువుతాను.

కార్తీకమాసంలో మా వీధి కుళాయి దగ్గర అంటించిన నోటీసు ఇది:

"గోటేరుపాడు హరిత సంకల్పం. ప్లాస్టిక్ సంచుల నిర్మూలనార్థమై, ప్రతి గృహము నెలకు రెండు కిలోలకు తగ్గకుండా వాడి విడిచిన వస్త్రములను మునిసిపల్ గుడ్డ సంచుల కేంద్రమునకు సమర్పించవలెను. సమర్పించని గృహములను పర్యావరణ వ్యతిరేక గృహములుగా గుర్తించి ద్వారమునకు ఎర్ర చీటీ అతికించబడును. మూడు ఎర్ర చీటీలు పడిన గృహమును తనిఖీ చేసి, లభ్యమైన పాత వస్త్రములు స్వాధీనపరచుకొనబడును."

మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నెలకు రెండు కిలోలనే ఉంది. తరువాత తెలిసింది, జిల్లా మీటింగులో మా కమిషనర్ గారు లక్ష గుడ్డ సంచులు తయారు చేయిస్తానని మాట ఇచ్చేశారట. ఎవరో గుమాస్తా ఆ లక్షను ఊళ్ళో ఉన్న ఇళ్ళతో భాగించి రెండు కిలోలని తేల్చాడట. పాతబట్ట అనేది ఆవు పొదుగులో పాలలాగా నెలనెలా ఊరుతుందని అతను అనుకున్నట్టున్నాడు.

మా పక్కింటి సరోజిని బిందె పట్టుకుని నా వెనకాలే నిలబడింది.

"ఏంటంటండీ మామ్మగారూ?"

"పాతబట్టలు ఇవ్వాలట. నెలకు రెండు కిలోలు."

"ఓస్, అంతేనా! గిన్నెలాయనకి ఏసే బట్టలేగా. ఆయనైతే గిన్నిత్తాడు. ఈళ్ళేవిత్తారండీ?"

"సంచులిస్తారట."

"సంచులేం చేసుకుంటామండీ, పులుసు పెట్టుకుంటామా?" అంది సరోజిని.

మరుసటి రోజు నుంచి పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆయనను ఊళ్ళోకి రానివ్వలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ బట్టలు ఎక్కడికో వెళ్ళి ఏదో అవుతున్నాయి కదా అంటే, అది అనధికార సేకరణ అన్నారు.

నా భయం గిన్నెల గురించి కాదు, బొంత గురించి.

మా ఇంట్లో చీర చచ్చిపోదు. కట్టి కట్టి చిరిగితే దిండు గలీబు అవుతుంది, గలీబు చిరిగితే మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ పీలికలైతే గిన్నెలు తోమే పీచు అవుతుంది. ఇదంతా పర్యావరణం అని నాకు తెలియదు. లేకపోవడం వల్ల చేశాను, తరువాత అలవాటు వల్ల చేశాను. వీటన్నింటికీ ఇవ్వకుండా తీసిపెట్టుకున్న బట్టలతో మాత్రం బొంత కుట్టాను. అరవై ఏళ్ళుగా కుడుతూనే ఉన్నాను. అడుగున మా అమ్మ గళ్ళ నేత చీర. మధ్యలో మా ఆయన పంచెలు రెండు. ఒక పక్కన మా అక్క నీలం వాయిలు చీర. అది కట్టుకునే నాకు అక్షరాలు దిద్దించేది. పైన ఎడమ మూల ఆకుపచ్చ గుడ్డ, తెల్ల చుక్కలది. అది మా పెద్దపిల్ల గౌను. పిల్ల అయిదేళ్ళుంది. ఆ తరువాత గౌను ఉంది.

నాకు చలి ఎక్కువ. మార్గశిరం నుంచి శివరాత్రి దాకా ఆ బొంత లేకపోతే నాకు గడవదు. ఇదొక్కటే పోగొట్టుకోకుండా మిగిలించుకున్నదాన్ని నేను.

మొదటి నెలాఖరున శానిటరీ ఇన్‌స్పెక్టర్ భీమశంకరం గారు కొక్కెం కాటా పట్టుకుని మా అరుగెక్కారు. ఆయన మెడలో ఆకుపచ్చ కండువా కొత్తగా వచ్చింది. దాని మీద "హరిత దళం" అని ఉంది. కండువాకు ఇంకా కంపెనీ చీటీ వేలాడుతోంది.

"పాతబట్టలు తీసుకురండమ్మా."

"లేవండి."

"లేకపోవడం ఎలా కుదురుతుందమ్మా? మీరు పాతవారే కదా!"

"ఉన్నవన్నీ వాడుకుంటున్నానండి."

"వాడుకలో ఉన్నది పాతబట్ట నిర్వచనంలోకి రాదు. విడిచినది కావాలి."

"ఏదీ విడవలేదండి."

"ఎందుకు విడవలేదు?"

ఈ ప్రశ్న నన్నెవరూ అంతకు ముందు అడగలేదు. నన్ను విడిచి వెళ్ళినవాళ్ళను నేనడగాలని ఉంది గానీ నన్నడిగేవాళ్ళు ఉంటారని అనుకోలేదు. ఈలోగా ఆయన చూపు దండెం మీద ఆరేసిన బొంత మీద పడింది. దగ్గరకు వెళ్ళి, కోడిని కొనేవాళ్ళు పట్టి చూసినట్టు పట్టి చూశారు.

"ఇదేమిటి?"

"బొంతండి."

"సుమారు రెండున్నర కిలోలు ఉంటుంది. ఇంత నిల్వ పెట్టుకుని లేవంటారేమిటి?"

"అది నిల్వ కాదండి, కప్పుకుంటాను. పాతబట్టలు పారేయకుండా వాడుకోమనే కదండీ మీరు చెప్పేది? అదే కదా ఇది?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "చూడండమ్మా, దీన్ని గృహస్థాయిలో అసంఘటిత పునర్వినియోగం అంటారు. మీరు వాడారు, బాగుంది. కానీ వాడినట్టు ఎక్కడ నమోదైంది? మేము మీ దగ్గర తీసుకుని, తూచి, కత్తిరించి, సంచి కుట్టి, మళ్ళీ మీకే ఇస్తే, అప్పుడది వ్యవస్థాగత పునర్వినియోగం. దానికి మార్కులున్నాయి. మీ బొంతకు మార్కులు లేవు."

"మార్కులు నాకెందుకండీ?"

"మీకు కాదమ్మా. ఊరికి."

తలుపుకు ఎర్ర చీటీ అంటించారు. తడిసినా పాడవకుండా దానికి ప్లాస్టిక్ పూత వేయించారు. గోరుతో గీకాను, గరిటెతో గీకాను, ఊడి రాలేదు. మా తలుపు ఊడినా ఆ చీటీ ఊడదు.

ఆ వారమే సంచులు కూడా వచ్చాయి. బట్ట ఇచ్చిన ఇంటికీ ఇవ్వని ఇంటికీ ఒకేలా నెలకు పన్నెండేసి. పంచిన సంచుల సంఖ్యకు వేరే మార్కులు ఉన్నాయట. ఆకుపచ్చ రంగు వేసిన సంచులు, మీద తెల్లటి అక్షరాలు: "పాతదే పచ్చదనం – పారేయకండి." ఒక్కొక్క సంచినీ మాసిపోకుండా ఒక్కొక్క ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చారు.

చెత్తబండి ఏస్తేరు మర్నాడు మా గుమ్మం ముందు బండి ఆపి నడుము పట్టుకుని నిలబడింది. ఏస్తేరు పదిహేనేళ్ళుగా మా వీధి చెత్త తీస్తోంది. మా ఇంట్లో తీయడానికి ఏమీ ఉండదు గనుక మా అరుగు మీద కూచుని మంచినీళ్ళు తాగి పోతుంది.

"మామ్మా, ఇదేం గోలే తల్లీ! ఇదివరకు అరిటి తొక్కలు, కూర తుక్కు ఏసేవోరు. ఈ యేళ బండి నిండా కవర్లే. గాలొత్తే లేచిపోతన్నాయి. ఎనకాల పరిగెత్తలేక సత్తన్నాను."

"ప్లాస్టిక్ పోగొట్టడానికట ఏస్తేరూ."

"పోయింది మామ్మా, పోయింది. ఊళ్ళోంచి పోయి నా బండిలో కూకుంది."

రెండో నెలకు ఊళ్ళో అసలు కరువు మొదలైంది. మొదటి నెలలో ఉన్న పాతబట్టలన్నీ ఇచ్చేశారు కదా, రెండో నెల కాటా వచ్చేసరికి ఎవరింట్లోనూ మసిగుడ్డ కూడా లేదు. సరోజిని అన్నం కుండ దించడానికి కొత్త తువ్వాలు కొంది. కొందరు ఉన్న కాస్త బట్టనూ నీళ్ళలో ముంచి ఇచ్చారు, తూకం పెరుగుతుందని. అది కనిపెట్టి భీమశంకరం గారు పొడిబట్టే తెమ్మన్నారు. తెచ్చింది పొడిబట్టేనని వార్డు కార్యాలయంలో ఒక కాగితం రాయించుకు రమ్మన్నారు. ఆ కాగితం కోసం వరసలో నిలబడ్డవాళ్ళ మీద వాన కురిసింది.

అప్పుడు మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టు ఆంజనేయులు బోర్డు మార్చాడు. "ఇచ్చట సరికొత్త పాతచీరలు లభించును."

సరోజిని నన్ను లాక్కెళ్ళింది. "రండి మామ్మగారూ, రెండు కొనేసి వాళ్ళ మొహాన కొట్టెయ్యండి. మీ బొంతకి ఇంకే భయం ఉండదు."

వెళ్ళాను. కొట్టు వెనక పెరట్లో నలుగురు ఆడవాళ్ళు కొత్త చీరల మడతలు విప్పి రాతి మీద రుద్దుతున్నారు. ఒకామె అంచులు చింపుతోంది. ఇంకొకామె టీ డికాక్షన్‌లో ముంచి మరకలు వేస్తోంది. ఆంజనేయులు చాలా మర్యాద తెలిసినవాడు.

"దయచేయండి పెద్దమ్మగారూ. ఎన్నేళ్ళ పాతది చూపించమంటారు? అయిదేళ్ళదుంది, పదేళ్ళదుంది. పదేళ్ళదైతే పసుపు మరక ఉచితం."

"ఎవరైనా కట్టినవేనా ఇవి?"

"అబ్బే, శుభ్రమైన సరుకండి. ఎవరి ఒంటికీ తగల్లేదు. నేరుగా మిల్లు నుంచి చింపడానికే."

ఒక గులాబీ రంగు చీర రాయి మీద కనబడింది. ఏ పెళ్ళికీ వెళ్ళలేదు, ఏ పసిపిల్లా దాని కుచ్చిళ్ళు పట్టుకుని లాగలేదు. పుట్టిన రోజునే దాన్ని ముసలిదాన్ని చేస్తున్నారు. కొనుక్కుంటే నా బొంత నిలుస్తుంది, అది నాకు తెలుసు. చెయ్యి చాచి ఆ చీరను ముట్టుకుని కూడా, వద్దని వచ్చేశాను. నా బెంగలన్నీ చాలక దాని బెంగ కూడా నేనెక్కడ పడతాను?

"మీరు మరీనండీ," అంది సరోజిని, దారంతా మొహం ముడుచుకుని. ఆమె చంకలో రెండు కిలోల అయిదేళ్ళ పాతది ఉంది. దాన్ని ఆంజనేయులు ప్లాస్టిక్ సంచిలో పెట్టిచ్చాడు. గుడ్డ సంచి తీసుకెళ్ళడం మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

రెండో ఎర్ర చీటీ పడింది.

మూడో నెల మొదట్లో మునిసిపల్ హాలులో ఆడవాళ్ళందరికీ మీటింగు పెట్టారు. కమిషనర్ గారు మాట్లాడారు. నలభై ఏళ్ళవాడు, మంచి బట్ట కట్టుకుంటాడు, మనిషి చెడ్డవాడు కాదు. కానీ మైకు ముందు నిలబడితే ఆయన నోట్లోంచి మనిషి మాట రాదు.

"సోదరీమణులారా! పర్యావరణ హిత జీవనం అనేది ఇంటి నుంచే ప్రారంభం కావాలి. చిన్న చిన్న మార్పులే! మన పట్టణం ఇప్పటివరకు డెబ్బై రెండు వేల సంచుల పురోగతిని సాధించింది. అయితే ముడి సరుకు లభ్యతలో తాత్కాలిక ఒడిదుడుకులు గమనించబడ్డాయి. ప్రజలు పాతబట్టలను తగినంత వేగంగా ఉత్పత్తి చేయలేకపోవడం దీనికి కారణం. కనుక బట్టలను సకాలంలో పాతవి చేయవలసిన బాధ్యత గృహిణులదే."

వెనక కూచున్న ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "నా మొగుడికి చెప్పు, ఇప్పటికే కొత్త లుంగీ కట్టనివ్వకుండా చింపుతున్నానని ఏడుస్తున్నాడు," అని ఎవరో గొణిగారు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను లేచాను. మూడో చీటీకి మూడు వారాలే ఉంది.

"బాబుగారూ, మీరిచ్చిన సంచులు కూడా గుడ్డే కదండీ. వాటిని పాతబట్టగా తీసుకుంటారాండి?"

భీమశంకరం గారు లేచి, "సంచి అనేది తయారైన వస్తువు, ముడి సరుకు కాజాలదు," అనబోయారు. కమిషనర్ గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అద్భుతం! సంచి నుంచి సంచి! దీన్నే చక్రీయ విధానం అంటారు. ఈ వృద్ధురాలు నిరక్షరాస్యురాలైనా ఎంత శాస్త్రీయంగా ఆలోచించారో చూడండి! వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అమలులోకి వచ్చేలా ఉత్తర్వులు ఇస్తున్నాను."

నేను నిరక్షరాస్యురాలిని కాను అని చెబుదామనుకున్నాను. చప్పట్లలో వినబడలేదు. అంతకంటే పెద్ద బాధ, అమలు ఒకటో తేదీ నుంచి. నా తనిఖీ ముప్పయ్యో తేదీన.

ముప్పయ్యో తేదీ పొద్దున్నే వచ్చారు. నాకు ముందే భయం గనుక తెల్లవారుతూనే బొంత ఎక్కడ దాచాలా అని ఇల్లంతా తిరిగాను. బియ్యం డ్రమ్ములో పట్టలేదు. అటక ఎక్కలేను. చివరికి ఒంటికి చుట్టుకుని అరుగు మీద కూచున్నాను.

భీమశంకరం గారు మూడో చీటీ అంటించి, ఇల్లంతా వెతికించి, నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"అది ఇచ్చెయ్యండమ్మా."

"ఇది ఒంటి మీద ఉందండి. వాడుకలో ఉన్నది పాతబట్ట నిర్వచనంలోకి రాదని మీరే అన్నారు."

ఆయన నిలబడి ఆలోచించారు. ఎంతైనా నియమం తెలిసిన మనిషి. "నిజమే," అన్నారు. "వాడుకలో ఉంది." అని, వీధిలోంచి ఒక కుర్చీ తెప్పించుకుని, నాకెదురుగా వేసుకుని, కాటా ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. మంచు విడిపోయింది. సరోజిని ఇద్దరికీ కాఫీ తెచ్చి, నా చెవిలో, "వదలకండి మామ్మగారూ," అంది. పది దాటేసరికి ఎండ అరుగు మీదకొచ్చింది. మా ఊళ్ళో పుష్యమాసంలో కూడా పదకొండింటి ఎండ చిన్నది కాదు. నా మెడ మీద నుంచి చెమట కారుతోంది. ఆయన గొడుగు విప్పుకున్నారు.

"చలి వేస్తోందామ్మా?" అన్నారు పదకొండున్నరకు.

"వేస్తోందండి."

పన్నెండింటికి కళ్ళు తిరిగాయి. సరోజిని పరిగెత్తుకొచ్చి పట్టుకుని, ఊపిరాడక పోతానేమోనని, బొంత తీసి పక్కన పెట్టి మొహాన నీళ్ళు కొట్టింది. కళ్ళు తెరిచేసరికి భీమశంకరం గారు బొంతను కాటాకు తగిలించేశారు.

"ఇప్పుడు వాడుకలో లేదు," అన్నారు. కోపం లేదు, ఎగతాళి లేదు. కాటా ముల్లు చదివి పుస్తకంలో రాసుకున్నారు. రెండు కిలోల అయిదు వందల గ్రాములు.

నా జీవితంలో చాలామంది వెళ్ళిపోవడం చూశాను. కొక్కేనికి వేలాడుతూ వెళ్ళడం మాత్రం అదే మొదలు.

అది కత్తెర కిందకే పోవలసింది. అయితే అదే వారంలో పైనుంచి ఒక కబురొచ్చింది. హరిత పట్టణాల పోటీకి పరిశీలక బృందం వస్తోంది. సంచులు ఎన్ని ఉన్నా సరే, ఊళ్ళో సామాన్యులు పాత వస్తువులను తరతరాలుగా వాడుకుంటున్నట్టు ఒక్క సజీవ ఉదాహరణ చూపించాలి. కమిషనర్ గారు ఊరంతా వెతికించారు. ఏ ఇంట్లో చూసినా కొత్త తువ్వాళ్ళు, కొత్త దుప్పట్లు, కొత్త మసిగుడ్డలు. పాతదంటూ మూడు నెలల్లో అన్నీ ఊడ్చి తూచేశారు కదా! ఊళ్ళో మిగిలిన పాతబట్ట ఒక్కటే, కేంద్రంలో కత్తెర కోసం వరసలో ఉన్న నా బొంత.

దాన్ని హాలులో అద్దాల పెట్టెలో పెట్టారు. చెదలు రాకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టారు. కింద పలక: "అరవై ఏళ్ళ నాటి చేతికుట్టు బొంత. గృహస్థాయి పునర్వినియోగానికి మన పట్టణం కాపాడుకున్న అపురూప ఉదాహరణ. దయచేసి తాకరాదు."

ఆ పలక నేను చదివాను. అద్దానికి చెయ్యి ఆన్చితే కాపలా ఆయన తాకరాదన్నాడు.

భీమశంకరం గారి గదికి వెళ్ళాను. "నా బొంత నాకిచ్చెయ్యండి బాబూ. చలికి పడుకోలేకపోతున్నాను."

"స్వాధీనపరచుకున్న వస్తువును విడుదల చేయాలంటే సమాన తూకం గల పాతబట్ట సమర్పించాలి. నియమం పదకొండు." పుస్తకం తెరిచి చూపించారు. నిజంగానే ఉంది. ఆయన ఏదీ లేనిది చెప్పరు.

"ఇప్పుడు ఒకటో తేదీ దాటింది కదండీ. సంచులు కూడా పాతబట్టేనా?"

"ఉత్తర్వు ప్రకారం, అవును."

"తూకం సరిపోతే చాలాండి?"

"తూకమే కదమ్మా ఈ పథకమంతా!"

ఇంటికి వచ్చాను. మూడు నెలలకు పన్నెండేసి చొప్పున ముప్పై ఆరు సంచులు, ఒక్కటీ వాడకుండా కవర్లతో సహా మంచం కింద ఉన్నాయి. నా పాత నార సంచి బాగానే ఉంది గనుక వాటితో పని పడలేదు. ఏస్తేరు చెత్తబండి కడిగి, వాటిని వేసుకుని, నన్ను కూడా వేసుకుంటానంది. నేను నడిచే వెళ్ళాను. దారిలో అనుకున్నాను, ఒక గ్రాము తగ్గితే భీమశంకరం గారు ఒప్పుకోరు. మా ఇద్దరి ప్రాణాలూ కాటా ముల్లు మీదే ఉన్నాయి. ఆయన గదిలో సంచులను కాటాకు తగిలిస్తే ముల్లు ఊగి, ఊగి, రెండున్నర మీద ఒక గీత అవతల ఆగింది.

"సరిపోయింది," అన్నారు భీమశంకరం గారు. పెట్టె తాళం తీసి బొంత నా చేతుల్లో పెట్టారు.

పరిశీలక బృందం ఆ మధ్యాహ్నమే వస్తోంది. పెట్టె ఖాళీగా ఉండకూడదు. నా ముప్పై ఆరు సంచులనూ మడత పెట్టి, బొంత ఉన్న చోటే సర్దారు. పలక మార్చడానికి వేరే ఉత్తర్వు కావాలట, అందుకని మార్చలేదు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన పెట్టె ముందు నిలబడి, పలక చదివి, సంచులను చూసి, "మా నాయనమ్మ కూడా అచ్చం ఇలాగే కుట్టేది," అని కళ్ళు తుడుచుకున్నాడట. సరోజిని ఆ హాలులోనే ఉంది, కళ్ళారా చూసింది. మా ఊరికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి అంటే ప్లాస్టిక్‌తో చేసిన మామిడి చెట్టు, అడుగున ఊరి పేరు. సంచులు ఇప్పటికీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. బడిపిల్లలను వరసగా తీసుకొచ్చి చూపిస్తున్నారు.

నేను ఇంటికి వచ్చి ప్లాస్టిక్ కాగితం విప్పి బొంతను మంచం మీద పరిచాను. అమ్మ ఉంది. ఆయన ఉన్నారు. అక్క ఉంది. పైన ఎడమ మూల నా అరచెయ్యంత చదరపు కన్నం ఉంది. కత్తెరతో, అంచు తప్పకుండా, చాలా శుభ్రంగా కోశారు. ఆకుపచ్చ గుడ్డ, తెల్ల చుక్కలు, లేవు.

ఎలా వెళ్ళానో తెలియదు, మళ్ళీ ఆయన గదిలోనే ఉన్నాను.

"అది నమూనా అమ్మా," అన్నారు భీమశంకరం గారు. "పోటీ ఫైలుకు ఆకుపచ్చ గుడ్డ ముక్క ఒకటి జతపరచాలన్నారు. సహజంగా వెలిసిన ఆకుపచ్చ ఊరంతటికీ అదొక్కటే దొరికింది. చిన్న ముక్కే కదా. తూకంలో తేడా కూడా రాలేదు."

"ఆ ఫైలు ఎక్కడుందండీ?"

"జిల్లాకు వెళ్ళింది. అక్కడి నుంచి పైకి వెళుతుంది."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు. ఆయనకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "వెళ్ళిన ఫైలు గురించి అలా అడగకూడదమ్మా," అన్నారు.

మా ఊళ్ళో పథకం ఇంకా నడుస్తోంది. కమిషనర్ గారిని ఇంకా పెద్ద ఊరికి వేశారు, అక్కడ నెలకు నాలుగు కిలోలట. ఇక్కడ ఎవరూ ఇప్పుడు బట్టలివ్వడం లేదు. సంచులే ఇస్తున్నారు, సంచులతో సంచులు కుడుతున్నారు. కత్తిరించిన ప్రతిసారీ అంచుల్లో కొంత పోతుంది కదా, అందుకని విడత విడతకూ సంచి చిన్నదవుతోంది. రెండో విడత సంచిలో కిలో టమాటాలు పట్టేవి. మూడో విడతలో నాలుగు వంకాయలు పట్టేవి. మొన్న వచ్చిన నాలుగో విడత సంచిలో ఒక్క నిమ్మకాయ పడుతుంది. దాన్ని కూడా కవరులో పెట్టే ఇచ్చారు.

ఏస్తేరు ఒకటి పట్టుకొచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఏం సేసుకోవాలే మామ్మా దీంతో? పిల్లి మెడలో కట్టాలా?"

విప్పదీసి పరిస్తే నా అరచెయ్యంత ఉంది. ఆకుపచ్చదే. చుక్కలు లేవు. పెద్ద నినాదంలో ఒక్క మాట మిగిలింది.

సూదిలో దారం ఏస్తేరే ఎక్కించింది, నా చూపు ఆనలేదు. బొంత ఎడమ మూలలో ఆ కన్నం మీద పెట్టి నాలుగు వైపులా కుట్టాను. అక్షరాలు లోపలికి పెట్టమంది ఏస్తేరు, ఎబ్బెట్టుగా ఉంటుందని. నేను పైకే పెట్టాను. కప్పుకుంటే నాకు కనబడదు, గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళకు కనబడుతుంది. మళ్ళీ ఎవరైనా కాటాతో వస్తే ముందు దాన్ని చదవాలి: "పారేయకండి."

వాళ్ళకు చదవడం వచ్చో రాదో నాకు తెలియదు. నాకైతే పొట్లాలు నేర్పాయి.